ఎవరి తప్పు ఎవరు దిద్దారు?

నాగల్‌గిద్ద మండలంలోని ఒక తండాలో మొన్నటి చలికాలంలో ముసలి కారభారి ఒకాయన చనిపోయాడు. ఎన్నో ఏండ్లు తండా తగాదాలు తీర్చిన మనిషి. బీఎడ్ చదివిన మన పిల్లవాడొకడు ఆయన ఫొటో పెట్టి, టీచర్లూ చదువుకున్న యువకులూ ఉన్న ఫోన్ గ్రూపులో "శ్రద్దాంజలి" అని రాశాడు. మొదటి జవాబు నిమిషంలో వచ్చింది. "శ్రద్ధాంజలి అని రాయాలి. ద కింద ధ వత్తు. రేపు పిల్లలకు చదువు చెప్పేటోనివి, ఇదే రాకపోతే ఎట్ల?" దాని కింద నాలుగైదు నవ్వే బొమ్మలు. పిల్లవాడు తను రాసింది తీసేశాడు. దానితో పాటు కారభారి ఫొటో కూడా పోయింది. ఆ రోజు ఆ గ్రూపులో పెద్దాయన గురించి ఇంకెవరూ మాట్లాడలేదు. ఆ పిల్లవాడైతే ఇప్పటిదాకా బొటనవేలు బొమ్మ తప్ప ఒక్క అక్షరం రాయలేదు.

తప్పు తప్పే, నేను కాదనను. ఇరవై ఏండ్లుగా బడిలో ఆ ధ వత్తు దిద్దిస్తున్నవాణ్ణే. అయితే ఆ తప్పు ఎక్కడినుంచి వచ్చిందో కూడా చూడాలి. తెలుగువాళ్ళలో ఎక్కువమంది ఆ మాటను నోటితో "శ్రద్దాంజలి" అనే పలుకుతారు. అచ్చ తెలుగు మాటల్లో ఈ వత్తు అక్షరాలు లేవు, అవి సంస్కృతం మాటలతో వచ్చినవి. చిన్నయసూరి 1858లో అచ్చయిన బాలవ్యాకరణంలో సంస్కృతానికి యాభై వర్ణాలు లెక్కపెట్టి, తెలుగుకు ముప్పయి ఆరే అన్నాడు. తమాషా ఏమిటంటే, మన గోర్ బోలిలో ఈ వత్తు పలుకులు పుట్టుకతోనే ఉన్నాయి. ఇల్లు మనకు ఘర్, గుర్రం ఘోడో. తండాలో ఏ చదువూ లేని ముసలమ్మ ఘ అనే అక్షరాన్ని పలికినంత శుభ్రంగా ఊరి బడిలో చాలామంది పలకలేరు. పలకగలిగే నోరు ఒకరిది, రాయడం రాలేదని నవ్వే హక్కు ఇంకొకరిది. ఈ హక్కు ఎక్కడిదో తెలియాలంటే మన ప్రాంతం చరిత్రలోకి కొంచెం వెనక్కి పోవాలి.

నాగల్‌గిద్ద మూడు రాష్ట్రాలు దగ్గరయ్యే చోట ఉంది. ఒక పక్క కర్ణాటకలోని బీదర్, ఇంకో పక్క మహారాష్ట్రలోని నాందేడ్. సంతలో ఒకే మనిషి బేరం కన్నడంలో చేసి, డబ్బులు ఉర్దూలో లెక్కపెట్టి, పక్కవాడితో తెలుగులో మాట్లాడి, భార్యను గోర్ బోలిలో పిలవడం ఇక్కడ వింత కాదు. 1956 వరకు నారాయణఖేడ్ తాలూకా బీదర్ జిల్లాలో ఉండేది. ఆ ఏడు నవంబరు 1న భాషల లెక్కన రాష్ట్రాలు విడగొట్టినప్పుడు బీదర్ జిల్లా మూడు ముక్కలైంది. బీదర్, భాల్కి, హుమ్నాబాద్, ఔరాద్ వైపు మైసూరుకు పోయాయి. ఉద్గీర్, అహ్మద్‌పూర్, నిలంగా బొంబాయి రాష్ట్రానికి పోయాయి. జహీరాబాద్, నారాయణఖేడ్ ఆంధ్రప్రదేశ్‌లోకి, మెదక్ జిల్లాలోకి వచ్చాయి. గీత గీసినవాళ్ళు తెలుగు, కన్నడ, మరాఠీ లెక్క చూశారు. గోర్ బోలి ఆ లెక్కలో లేదు. రాత్రికి రాత్రి ఒకే బంధువర్గం పిల్లలు మూడు రకాల బడులకు, మూడు లిపులకు పంచబడ్డారు. ఆ నాటి నుంచి ఈ వైపు తండాకు "ఒప్పు" అంటే తెలుగు, ఆ వైపు తండాకు కన్నడం, అవతలి తండాకు మరాఠీ.

తెలుగేమో ఈ నేల మీద మొదటినుంచీ గద్దె మీద కూర్చున్న భాష కాదు. నిజాం కాలంలో కచేరీ భాష ఉర్దూ. 1918లో పెట్టిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువు ఉర్దూలోనే. 1921 నవంబరులో హైదరాబాదులో ఒక సంఘ సంస్కరణ సభ జరిగింది. మహర్షి కర్వే అధ్యక్షుడు. వేరే భాషల్లో మాట్లాడినవాళ్ళను కుదురుగా విన్న ఆ సభ, అల్లంపల్లి వెంకటరామారావు అనే వకీలు తెలుగులో మొదలుపెట్టగానే గోల చేసి గేలి చేసింది. ఆయన వ్యాకరణం తప్పిందని కాదు, ఆయన భాషే తప్పని. ఆ అవమానంలోంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. మాడపాటి హనుమంతరావు లాంటివాళ్ళు దాన్ని పెంచారు. అది ఆంధ్ర మహాసభగా మారి 1930లో మొదటి సభ జరుపుకున్నది మనకు దగ్గరలోని జోగిపేటలోనే.

ఇలా దెబ్బ తిన్న తెలంగాణ తెలుగువాళ్ళకు ఇంకోవైపు నుంచి ఇంకో దెబ్బ. ఇక్కడి తెలుగు ఉర్దూ కలిసిన సంకరమని, "తౌరక్యాంధ్రం" అని బయటి పండితులు ఎగతాళి చేశారు. తెలంగాణలో కవులే లేరన్న మాటా వచ్చింది. దానికి జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి 354 మంది కవుల పద్యాలు సేకరించి 1934లో గోలకొండ కవుల సంచిక అచ్చు వేయించాడు. మాటకు మాట అనకుండా పుస్తకం తెచ్చి చేతిలో పెట్టడం నాకు చాలా నచ్చుతుంది. అయినా 1956 తర్వాత ఏం జరిగిందో మన నాన్నల తరానికి తెలుసు. బడి పుస్తకంలో కోస్తా రెండు జిల్లాల మాట ఒప్పు, "వచ్చిండు" తప్పు, "గిట్ల" తప్పు. సినిమాల్లో ఈ మాట తాగుబోతుకు, రౌడీకి. కాళోజీ జన్మదినాన్ని తెలంగాణ భాషా దినోత్సవం చేసుకోవడానికి 2014 దాకా ఆగాల్సి వచ్చింది.

ఇంత అవమానం తిన్నవాళ్ళు ఆ నొప్పి తెలిసి మసలుకుంటారని అనుకుంటాం. కానీ "వచ్చిండు" అన్నందుకు దెబ్బలు తిన్న పిల్లవాడే పెద్దవాడై, టీచరై, తండా పిల్లవాడు "బస్సు వచ్చిండు" అంటే తరగతి మొత్తం చేత నవ్వించాడు. నేను చదువుకున్న బడిలో నా మీద కూడా అలాగే నవ్వారు. ఆ బడి పేరు ఇక్కడ అక్కర్లేదు, అలాంటి బడులు అన్నిచోట్లా ఉన్నాయి. నవ్వినాయన చెడ్డవాడు కాదు. ఆయనకు తెలియనిది ఒక్కటే. గోర్ బోలిలో వస్తువులకు కూడా ఆడ, మగ భేదం ఉంటుంది. తెలుగులో బస్సు, గోడ, చెట్టు, ఆడమనిషి అన్నీ "వచ్చింది", "పడింది" అనే వరసలో పోతాయి. తండా పిల్లవాడు వ్యాకరణం రాక "బస్సు వచ్చిండు" అనలేదు. తన ఇంటి వ్యాకరణం గట్టిగా వచ్చు కాబట్టి అన్నాడు. ఆ ఒక్క ముక్క చెప్పి, "మన భాషలో అట్ల, తెలుగులో ఇట్ల" అని పక్కపక్కన పెట్టి చూపితే పది నిమిషాల్లో తీరేది. అది చెప్పాలంటే ముందు గోర్ బోలికి వ్యాకరణం ఉందని టీచరు ఒప్పుకోవాలి.

అలా ఒప్పుకున్న తెలుగు మాస్టారు ఒకాయన ఉన్నాడు. అయితే ఆయన కథ కోసం ఇక్కడినుంచి తూర్పు చివర కొండల దాకా, పర్లాకిమిడికి పోవాలి. గిడుగు వెంకట రామమూర్తి పేరు మన పిల్లలకు ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం ప్రసంగంలో వినబడుతుంది. వ్యావహారిక భాష కోసం పోరాడాడని చెప్పి ఆపేస్తారు. ఆయన 1863లో పుట్టాడు. పర్లాకిమిడి రాజావారి బడిలో ఉపాధ్యాయుడు. చుట్టుపక్కల కొండల్లో ఉండే సవరలు సంతకు వచ్చినప్పుడు వాళ్ళ మాట అర్థం కాక, దాన్ని నేర్చుకోవాలని పూనుకున్నాడు. సవర మాట్లాడేవాణ్ణి ఇంట్లో ఉంచుకుని నేర్చుకున్నాడు. ఆ భాష తెలుగుకు చుట్టం కాదు, ముండా కుటుంబానిది. అంటే పదాలు, పలుకులు, వాక్యం కట్టే తీరు, అన్నీ కొత్తే. కొండల్లో తిరిగితే మలేరియా వచ్చింది, దానికి వాడిన మందుతో చెవుడు వచ్చింది. అయినా సవర పిల్లలకు బడులు పెట్టాడు, వాచకాలు రాశాడు, పాటలు సేకరించాడు. ఆయన సవర వ్యాకరణాన్ని 1931లో మద్రాసు ప్రభుత్వం అచ్చు వేసింది.

నేను ఆలోచించేది ఒకటే. ఆ మొదటి రోజుల్లో సవర నేర్చుకుంటూ ఆయన ఎన్ని తప్పులు మాట్లాడి ఉంటాడు! చదువుకున్న బ్రాహ్మణ మాస్టారు తప్పు మాట్లాడుతుంటే సవరవాళ్ళు నవ్వే ఉంటారు, నవ్వక ఎలా ఉంటారు. నవ్వి, మళ్ళీ సరిగా పలికి చూపించి ఉంటారు. లేకపోతే ఆయనకు అంత భాష వచ్చేది కాదు. గురువు కొండవాడు, శిష్యుడు పంతులు. మన చరిత్రలో దిద్దుబాటు ఈ దిక్కుకు నడిచిన సందర్భాలు చాలా అరుదు.

ఆ తర్వాత ఆయన తెలుగు వైపు తిరిగాడు. 1907 ప్రాంతంలో యేట్స్ అనే ఇంగ్లిషు స్కూళ్ళ ఇన్‌స్పెక్టరు, జనం మాట్లాడే తెలుగు ఒకటి, బడిలో చెప్పే తెలుగు ఇంకొకటి ఎందుకున్నాయని అడగడంతో వ్యావహారిక వాదం కదిలింది. గురజాడ తోడయ్యాడు. జయంతి రామయ్య పంతులు లాంటి పండితులు గట్టిగా ఎదురు నిలిచారు. గ్రాంథికం తప్పిన ప్రతి మాటా తప్పే అన్నారు. గిడుగు చేసిన పని చూడండి. పిల్లల వ్యాసాల్లో తప్పులు వెతకలేదు. గ్రాంథికమే రాయాలన్న పండితులు స్వయంగా రాసిన పుస్తకాలు తీసి, వాటిలో వాళ్ళ వ్యాకరణానికే తప్పిన ప్రయోగాలు ఒక్కొక్కటిగా ఎత్తి చూపాడు. చిన్నయసూరిని కూడా వదల్లేదు. ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజం అని ఒక పుస్తకమే తెచ్చాడు. మీరే పాటించలేని నియమం పసివాళ్ళ మీద ఎందుకు పెడతారన్నది ఆయన వాదం. మొదట ఎదురు నిలిచిన వీరేశలింగం కూడా 1919లో వ్యావహారిక భాషా సమాజానికి అధ్యక్షుడయ్యాడు.

తప్పులు పట్టడంలో గిడుగు మహా మొండి, కోపిష్టి కూడా. కానీ ఆ మొండితనం ఎవరి మీద ప్రయోగించాడో గమనించండి. ఉద్యోగం, సభ, పరీక్ష, పుస్తకం, అన్నీ చేతిలో ఉన్నవాళ్ళ మీద. కొండ మీదివాళ్ళ దగ్గర మాత్రం పలక పట్టుకుని కూర్చున్నాడు. మన పొట్టి గ్రూపుల్లో వత్తులు దిద్దే పెద్దలు గిడుగు ఫొటోకు దండ వేస్తారు, పని మాత్రం ఆయన్ను ఎదిరించినవాళ్ళది చేస్తారు.

సవరల సంగతి నుంచి మళ్ళీ మన తండాకు వద్దాం. పిల్లవాడి ధ వత్తు మీద అంత పట్టుదల ఉన్న మన ప్రాంతంలో, మన పేర్ల విషయంలో ఆ పట్టుదల ఏమైందో చూడాలి. మన పాత పేర్లు చాలావరకు పుట్టిన వారాన్ని బట్టి వచ్చినవి. సోమ్లా, మంగ్లి, బుధ్యా, సక్రి. శనివారం థావర్ కాబట్టి ఆ రోజు పుట్టినవాడు థావర్యా. బడి రిజిస్టరులో పేరు రాసేటప్పుడు ఇలాంటి పేరు మాస్టారికి ముగింపు లేనట్టు తోచి, థావరయ్య అయింది. ఇంకొన్ని చోట్ల తావరయ్య. ధ వత్తు పోతే నవ్వే లోకంలో ఈ థ వత్తు పోతే ఎవరూ అడగలేదు.

అంతకుముందు భూమి కాగితాలు ఉర్దూలో ఉండేవి. ఉర్దూ లిపిలో పొట్టి అచ్చులు మామూలుగా రాయరు, చదివేవాడు ఊహించి పలుకుతాడు. ఉర్దూలో రాసిన "మంగ్లి"ని "మంగలి" అని కూడా చదవవచ్చు. మంగళవారం పుట్టిన ఆడబిడ్డ తెలుగు కాగితంలోకి వచ్చేసరికి ఇంకో కులం పేరుతో తేలడానికి ఒక్క ఊహ చాలు. ణ, ళ అక్షరాలకు ఉర్దూలో చోటు లేదు. గోర్ బోలిలో అవి లేకుండా పూట గడవదు, తాగే నీళ్ళే పాణి కదా.

ఇంటి పేర్లు చూడండి. మరాఠీలో రాఠోడ్ అని ఠ తో రాస్తారు, మనం పలికేదీ దగ్గరదగ్గర అదే. ఇంగ్లిషులో టీ పక్కన హెచ్ పెట్టి రాశారు. ఆ ఇంగ్లిషును చూసి తెలుగులో రాథోడ్ అని రాశారు. ఇంకొకరు రాతోడ్ అన్నారు. జాధవ్ కాస్తా జాదవ్ అయ్యాడు. ఒకే ఇంట్లో అన్న చవాన్, తమ్ముడు చౌహాన్. సరిహద్దు దాటితే పేరు ముందు, ఇంటి పేరు చివర. ఈ వైపు ఇంటి పేరే ముందు. అచ్చులో తెలుగు లిపిలో "రాథోడ్" స్థిరపడింది కాబట్టి నేనూ అలాగే రాస్తాను. కానీ అది ఒప్పని ఎవరైనా నాకు చెప్పబోతే మాత్రం ఊరుకోను.

పేరును మించినది భాష పేరు. గ్రియర్సన్ 1907లో తన భాషా సర్వే సంపుటంలో మన బంజారీ లేదా లభాణీకి విడిగా చోటిచ్చి వివరించాడు. 2011 జనాభా లెక్కల్లో లమాణీ లేదా లంబాడీ మాతృభాష అని చెప్పినవాళ్ళు 32 లక్షలకు పైగా ఉన్నారు. అయితే ఆ లెక్కల్లో వాళ్ళను హిందీ కింద చేర్చి కూడారు. ఇంటింటికీ వచ్చి అడిగినప్పుడు మనం చెప్పిన జవాబును పైన కూర్చుని దిద్దడం అంటే ఇదే. ఇంత పెద్ద దిద్దుబాటు మీద నవ్వే బొమ్మ ఒక్కటీ పడలేదు.

అక్షరం తప్పితే ఏమవుతుందన్నది ఆదివాసీలకు తమాషా విషయం కాదు. మన జాతినే తీసుకోండి. 1976 చట్టంతో తెలంగాణలో లంబాడీలు షెడ్యూల్డ్ తెగ అయ్యారు. కర్ణాటకలో షెడ్యూల్డ్ కులం, మహారాష్ట్రలో సంచార, విముక్త జాతుల జాబితాలో. నాగల్‌గిద్ద నుంచి కోడలుగా అవతలికి పోయిన అమ్మాయి ఇది బాగా అర్థం చేసుకుంటుంది. కర్ణాటక జాబితాలో లంబాణి, లంబాడ, లంబాడి, లమాణి, సుగాలి, సుకాలి అని విడివిడిగా రాసి ఉన్నాయి. రాసినవాడికి ఛాదస్తం ఎక్కువై కాదు. జాబితాను ఉన్నది ఉన్నట్టే చదవాలి, కోర్టులు కూడా అందులో మాటలు కలపకూడదు అని సుప్రీంకోర్టు 2000లో మిళింద్ కేసులో ఖాయం చేసింది. ఛత్తీస్‌గఢ్‌లో పేరు ఒక తీరుగా పలికి ఇంకో తీరుగా రాసినందుకు ఎందరో ఆదివాసులు ధ్రువపత్రం లేక ఏండ్లకు ఏండ్లు తిరిగారు. భుయ్యా, భుయ్యాఁ, భూయాన్ లాంటి రూపాలను జాబితాలో చేర్చడానికి 2023లో పార్లమెంటు చట్టం చేయాల్సి వచ్చింది. మహారాష్ట్రలో జాబితాలో ఉన్న ధన్‌గడ్, బయట ఉన్న ధన్‌గర్ ఒకటేనా కాదా అని చివరి ఒక్క అక్షరం మీద దశాబ్దాల వివాదం నడిచింది. 2024 ఫిబ్రవరిలో బొంబాయి హైకోర్టు ఒకటి కాదని తేల్చింది. ఆ వాదనలో న్యాయం ఎటు ఉందన్నది వేరే సంగతి. ఒక అక్షరం ఎంత బరువు మోయగలదో చూపడానికే చెప్పాను.

అందుకే తప్పుల్ని పట్టించుకోవద్దని నేను మన పిల్లలకు ఎన్నడూ చెప్పను. పదో తరగతి వివరాలు పంపే ముందు ప్రతి ఏడూ తండా పిల్లల పేర్లు ఒక కాగితం మీద రాసి, వాళ్ళ ఇంటికి పోయి, అవ్వను కూర్చోబెట్టి అడుగుతాను. సర్టిఫికెట్ అచ్చయ్యాక దిద్దించడం ఎంత యాతనో నాకు తెలుసు. అవ్వ పలుకుతుంది, నేను రాస్తాను, మళ్ళీ చదువుతాను. చాలాసార్లు అవ్వ నన్నే దిద్దుతుంది. మా భాష చదువుకోడానికి ఊరు విడిచి పోయి మరిచిపోయినవ్ బిడ్డా అని ఒకామె నవ్వింది. ఆ నవ్వు నాకు బాధ అనిపించలేదు. ఎందుకో మీరే ఆలోచించండి.

గ్రూపులో మౌనంగా ఉండిపోయిన ఆ బీఎడ్ పిల్లవాడు ఈ మధ్య నా దగ్గరికి వచ్చాడు. వాళ్ళ తండాలో ఒక ముసలామె పేరు పట్టా పాసుపుస్తకంలో ఒక తీరుగా, ఆధార్‌లో ఇంకో తీరుగా ఉంది. రైతు పైసలు ఆగాయి. ఆమెకు రాయడం రాదు. ఇతనే మూడు దఫాలు తన బండి మీద దఫ్తర్‌కు తీసుకుపోయాడు. నాలుగోసారికి అర్జీ తనే రాసుకుని తెచ్చాడు. రెండు పేజీల అర్జీ, ఏ కాగితంలో ఏ ఏడు ఏమని ఉందో వరుసగా, ఒక్క తేదీ జారకుండా రాశాడు. చివరి పేరాలో "దృవీకరణ" అని ఉంది.

నేను పెన్ను తీసి "ధ్రు" చేశాను. అతను చూసి, "సార్, పైన కూడా ఒకసారి రాసిన" అని పేజీ తిప్పాడు. అక్కడా దిద్దాం. మధ్యాహ్నం బస్సుకు ముసలామెను ఎక్కించుకుని ఖేడ్ పోయాడు.